తెరవనక్కర్లేదు

లాంచీ ఒడ్డున కట్టేసి ఉంది. కుడి ఇంజను మాత్రం నెమ్మదిగా తిరుగుతోంది. వేలంత గొట్టాన్ని దాని ఒంటికి ఆనించి, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆమె కళ్ళు మూసుకుంది. ఇంజను గది మెట్ల మీద కూర్చున్న ఇద్దరు ఫిట్టర్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

"పేషెంటు ఏమంటోంది డాక్టరమ్మా? పథ్యం చెప్పమంటోందా?" అన్నాడు పొట్టి ఫిట్టరు.

ఆమెకు వినపడలేదు. వినపడినా నవ్వి ఊరుకునేది. ఇంజన్లను విప్పకుండా పరీక్ష చేసే ఉద్యోగంలో ఈ లాంచీల షెడ్డుకు వచ్చిన మొదటి వారంలోనే ఆమెకు డాక్టరమ్మ అని పేరు పెట్టేశారు. మనిషి చెవికి అందని సన్నటి శబ్దాలను ఆ గొట్టం పట్టి, వినపడేటట్టు మార్చి చెవిలో వేస్తుంది. బేరింగు అరిగితే గరగరమంటుంది. వాల్వు సరిగ్గా మూసుకోకపోతే బుస్సుమంటుంది. అంతా బాగుంటే పక్కింట్లో కుట్టుమిషను నడుస్తున్నట్టు ఒకే లయలో టకటకమంటూ ఉంటుంది. కుడి ఇంజను ఇప్పుడు అలాగే టకటకమంటోంది. ఆమె గొట్టాన్ని ఒక్కో సిలిండరు మీదికీ జరుపుకుంటూ పోయింది. చివరికొచ్చేసరికి ఆమె పెదవుల మీదికి నవ్వు వచ్చేసింది. జబ్బు లేని ఇంజనును వినడమంటే ఆమెకు అంత ఇష్టం.

హెడ్ ఫిట్టరు మెట్లు దిగి వచ్చాడు. భారీ మనిషి. చొక్కా జేబులో సుద్దముక్క, చేతిలో మడతపెట్టిన గుడ్డ. ఆయన దిగుతుంటే ఫిట్టర్లిద్దరూ లేచి దారిచ్చారు.

"చెప్పండి మేడమ్. ఏం తేల్చారు?"

"తెరవనక్కర్లేదు మేస్త్రిగారూ."

"గంటలు నిండాయి మేడమ్. ఇన్ని గంటలు నడిచాక తెరవాలని పుస్తకంలో ఉంది."

"గంటలు మీటర్లో నిండాయండీ. ఇంజనుకి ఇంకా నిండలేదు. నూనె తీసి పరీక్షకి పంపాను, అందులో లోహపు పొడి లేదు. నిన్న ఇంజెక్టర్లు తీసి ఆ రంధ్రాల్లోంచి కెమెరా దించి చూశాను. సిలిండరు గోడల మీద నూనె నిలవడానికి గీసే హోనింగు గీతలు ఇంకా అరక్కుండా అలాగే ఉన్నాయి. ఇదిగో, చూడండి."

ఆమె చిన్న తెరను ఆయన ముందుకు జరిపింది. ఆయన దానివైపు చూడనైనా లేదు. "ఫోటోలో అన్నీ బాగానే మెరుస్తాయి మేడమ్" అని, గుడ్డ విప్పి, ఇంజను మీద లేని దుమ్మును తుడిచాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ మేడమ్ ఆయనకు సొంత కోడలు. ఈ మేస్త్రిగారు ఆమెకు మావయ్యగారు. పొద్దున ఇద్దరూ ఒకే టీ గిన్నెలోంచి పోసుకున్న టీ తాగి, ఒకే స్కూటరు మీద వచ్చారు. స్కూటరు ఆమె నడుపుతుంది. షెడ్డు గేటు ఇంకా కాస్త దూరం ఉందనగా ఆయన దిగిపోయి, చొక్కా సర్దుకుని, నడిచి వస్తాడు. కోడలి వెనక కూర్చుని వచ్చాడని అనిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. ఆ సంగతి షెడ్డులో తెలియనివాళ్ళు లేరని ఆయనకొక్కడికే తెలియదు.

షెడ్డులో ఒక నియమం ఉంది. ఇంజను తెరవాలి అని రాయడానికి ఒక సంతకం చాలు. తెరవనక్కర్లేదు అని రాస్తే మాత్రం పరీక్ష చేసిన మనిషి సంతకం కింద హెడ్ ఫిట్టరు కూడా పెట్టాలి. రోగం ఉందంటే ఒక్క డాక్టరు చాలు, లేదంటే ఇద్దరు కావాలన్నమాట. ఏడాదిగా ఆమె రాసినవన్నీ తెరవనక్కర్లేదనే. ఆయన ఒక్కదాని మీదా సంతకం పెట్టలేదు. ప్రతి ఇంజనునూ తెరిచారు. తెరిచాక పాత బేరింగులూ రింగులూ మళ్ళీ వేయడం ఆ షెడ్డులో లేదు. తీసినవి తీసినట్టే తుక్కు డబ్బాలో పడేసి కొత్తవి బిగిస్తారు. అవి బాగున్నాయో లేదో చూసే దిక్కుండదు. మంచి సమయానికి తెరిచాం అని మేస్త్రిగారు అంటారు, నిజమే అని అందరూ తలూపుతారు. ఆమె మాట నిజమో కాదో ఎప్పటికీ తేలదు. ఇంతకంటే అన్యాయం ఇంకోటి ఉంటుందా?

పైన ఒడ్డు మీద మేనేజరు కళ్ళద్దాలు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయనకు రోజులో సగం పని కళ్ళద్దాలు తుడుచుకోవడమే.

"మీ ఇద్దరూ ఇలాంటివి ఇంటి దగ్గరే తేల్చుకుని రావచ్చు కదా!" అన్నాడు.

"ఇంట్లో షెడ్డు మాటలు నిషేధం సార్" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మేస్త్రి వెళ్ళిపోయాక మేనేజరు గొంతు తగ్గించాడు. "అమ్మా, నీ పరికరాన్ని మనకు ఏడాది ట్రయలుకి ఇచ్చారు. ఈ నెలతో ఏడాది అయిపోతుంది. ఇంతవరకు నీ మాట మీద ఒక్క ఇంజనును తెరవడం ఆపిందీ లేదు, ఒక్క ఇంజనును తెరిచిందీ లేదు. సోమవారం దీన్నీ తెరిచేస్తే పెట్టె సర్ది వెనక్కి పంపమన్నారు. పెట్టెతోపాటు పోస్టు కూడా పోతుంది."

"బాగున్నదాన్ని బాగుంది అన్నానండీ. అది నా తప్పా?"

"తప్పని ఎవరన్నారు? కానీ బాగుంది బాగుంది అని రాస్తే పైవాళ్ళకి నేనేం చూపించను? ఒక్క లోపం పట్టుకో అమ్మా. ఒకే ఒక్కటి. నేను చూసుకుంటాను."

ఆమె హెడ్‌ఫోన్ల తీగ చుట్టి పెట్టెలో పెట్టింది. ఆ పెట్టె అడుగున నురుగు పరుపులో ఒక్కో పరికరానికీ దాని ఆకారంలోనే గుంట ఉంటుంది. అన్నీ వాటి చోట్లలో పడుకున్నాయి. దాన్ని మూసేటప్పుడు ఆమెకు నిజంగా ఏడుపొచ్చినంత పనయింది.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు కంచాలు పెట్టి, అందరి మొహాలూ ఓసారి పరీక్షగా చూసింది. ఆవిడకు ఏ గొట్టమూ అక్కర్లేదు.

"ఎవరైనా ఇంజను అన్నారో, కంచం తీసేస్తాను" అంది.

"నేనేమన్నానే?" అన్నాడు మావయ్యగారు.

"అనబోతున్నారు. కూరలో ఉప్పు సరిపోయిందా అమ్మాయ్?"

"సరిపోయింది అత్తయ్యా."

"నాకు కాస్త తక్కువైంది" అన్నాడు ఆయన.

"ఇదిగో, కూర దగ్గర కూడా ఇద్దరికీ ఒక మాట లేదు" అని అత్తగారు ఉప్పు డబ్బా ఆయన ముందు పెట్టింది. కొడుకు నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళు తాగాడు. అతను ప్రింటింగు ప్రెస్సులో పని చేస్తాడు. తండ్రికీ భార్యకీ మధ్య ఎప్పుడూ ఏ పక్షమూ తీసుకోడు. అందుకే ఆ ఇంట్లో అతనొక్కడే కడుపునిండా తింటాడు.

వంటగది గోడకు ఈ ఏడాది షెడ్డు క్యాలెండరు వేలాడుతోంది. దాన్ని అచ్చు వేసింది కూడా అతనే. క్యాలెండరు నిండా మావయ్యగారే. పోయిన సీజనులో ఇదే లాంచీ ఎడమ ఇంజనును తెరిచి, కొత్తదానిలా చేసి మూసిన రోజున మేనేజరు తీసిన ఫోటో అది. కుడిచేత్తో నట్టు మీద స్పానరు పట్టుకుని, ఎడమచెయ్యి పైకెత్తి, కెమెరా వైపు చూసి ఆయన నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

మర్నాడు శుక్రవారం. కుడి ఇంజను బాగుందని ఇంకా గట్టిగా చెప్పాలంటే పక్కనున్న జోడీతో పోల్చి చూపించాలని ఆమెకు తోచింది. రెండూ ఒకే రకం ఇంజన్లు, ఒకే లాంచీని లాగుతున్నాయి. ఎడమది ఈమధ్యనే తెరిచి మూసింది కాబట్టి దాన్ని పరీక్షించే పనే ఎవరూ పెట్టుకోరు. కొత్తగా మూసిన ఇంజనుకు పరీక్ష ఎందుకు? ఆమె కూడా ఇన్నాళ్ళూ పెట్టుకోలేదు.

లాంచీ అవతలి ఒడ్డుకు వెళ్ళి వచ్చే ట్రిప్పులో ఆమె కూడా ఎక్కింది. పైన డెక్కు మీద కాలేజీ పిల్లల కేకలు, కూరగాయల బుట్టలు, డ్యూటీకి వెళ్ళే నర్సులు. కింద ఇంజను గదిలో చెమట. ఎడమ ఇంజను మొదటి సిలిండరు మీద గొట్టం ఆనించింది. టకటక. రెండోది, టకటక. ఆమెకు ముచ్చటేసింది. మావయ్యగారి చెయ్యి పడిందంటే అంతే మరి అనుకుంది. చివరి సిలిండరు మీద ఆనించింది.

బుస్సు.

గొట్టం తీసి, చివర తుడిచి, మళ్ళీ ఆనించింది. టక అన్న ప్రతిసారీ దాని వెనకే సన్నగా బుస్సుమంటోంది. గాలి ఎక్కడో తప్పించుకుంటోంది. పొగ బయటికి పోయే ఎగ్జాస్టు గొట్టాల వేడి కొలిచే పరికరాన్ని ఒక్కోదాని వైపే చూపించింది. అన్నీ దాదాపు ఒకటే, చివరిది మాత్రం ఎక్కువ. ఇక సందేహమేముంది? చివరి సిలిండరు ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య ఉండాల్సిన కొద్దిపాటి సందు లేకుండా బిగిసిపోయి ఉండాలి. ఇప్పుడైతే మూత తీసి సందు సరిచేస్తే సరిపోతుంది. ఇలాగే వదిలేస్తే వాల్వు కాలిపోతుంది, ఏదో ఒక రోజు నది మధ్యలో ఎడమ ఇంజను చేతులెత్తేస్తుంది.

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఏడాదిగా ఎదురుచూసిన లోపం దొరికింది. తెరవాలి అని రాయడానికి తన సంతకం ఒక్కటి చాలు. మేనేజరు ఎగిరి గంతేస్తాడు. పెట్టె ఉంటుంది, పోస్టు ఉంటుంది. కానీ దొరికింది ఎక్కడ? క్యాలెండరెక్కిన ఇంజనులో. పేరు పోయేది ఎవరిది? పొద్దున తన హెల్మెట్టు తుడిచి చేతికిచ్చిన మనిషిది. రిపోర్టు కాగితం ఒళ్ళో పెట్టుకుని పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది. లాంచీ ఒడ్డుకు వచ్చాక, సోమవారం దాకా ఎడమ ఇంజనును వేగం తగ్గించి నడపమని డ్రైవరుకు చెప్పి దిగింది.

"ఏమైందమ్మా, పేషెంటుకి జ్వరమా?" అన్నాడు డ్రైవరు.

"పడిశం" అంది.

ఇంట్లో నిషేధం, షెడ్డులో నలుగురి చెవులు. ఇక మిగిలింది స్కూటరే. సాయంత్రం గేటు దాటి కాస్త దూరం వచ్చాక ఆయన వెనక ఎక్కి కూర్చున్నాడు. బజారు దాటాక ఆమె మొదలుపెట్టింది.

"మావయ్యగారూ, ఎడమ ఇంజను విన్నాను ఇవాళ."

"ఏమిటీ?" గాలికి ఆయనకు వినపడలేదు.

"ఎడమ ఇంజను! చివరి సిలిండరు ఎగ్జాస్టు వాల్వు లీకవుతోంది! సందు బిగిసిపోయింది!"

ఆయన సీటు మీద ముందుకు జరిగాడు.

"నేను బిగించిన దాంట్లోనా?"

"రెండుసార్లు చూశానండీ. వేడి కూడా కొలిచాను. చాలా చిన్న..."

"బండి ఆపమ్మాయ్."

ఆపింది. ఆయన దిగి, చొక్కా సర్దుకుని, ఇంటివైపు నడక మొదలుపెట్టాడు. ఆమె స్కూటరును ఆయన పక్కనే నెమ్మదిగా పోనిచ్చింది. ఆయన రోడ్డుకు ఆ పక్కకు దాటాడు. ఆమె ఈ పక్కనే పోనిచ్చింది. అలా ఇద్దరూ రోడ్డుకు చెరోవైపునా ఇల్లు చేరారు. గుమ్మంలో నిలబడిన అత్తగారు ఇటు చూసింది, అటు చూసింది, లోపలికెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి ముందుగానే బల్ల మీద పెట్టింది.

శనివారమంతా ఆయన షెడ్డులో ఆమెను మేడమ్ అని కూడా అనలేదు. సోమవారం కుడి ఇంజనును తెరవడానికి ఏర్పాట్లు చేయించాడు. బరువులెత్తే చైను బ్లాకును ఇంజను గదికి పైన తగిలించారు, పనిముట్లు బల్ల మీద వరసగా పేర్చారు, కొత్త బేరింగుల డబ్బాలు దింపారు. ఫిట్టర్లకు అది పెళ్ళిసందడి. ఆమె దూరం నుంచి చూస్తూ నిలబడింది. ఆయన మీద కోపం రావాలి. రాలేదు. బాధేసింది, అంతే.

ఆదివారం పొద్దున్న టీ పెట్టి, అత్తగారు క్యాలెండరు దుమ్ము దులుపుతోంది. ఆయన బల్ల దగ్గర పేపరు వెనక దాక్కుని ఉన్నాడు. కోడలు గిన్నెలు కడుగుతోంది. కొడుకు చాప మీద బోర్లా పడుకుని కాళ్ళు ఊపుతున్నాడు.

"ఎవరో రెండు రోజులుగా మొహం గంటు పెట్టుకుని తిరుగుతున్నారు. ఇక్కడ చూడండి, ఎంత చక్కగా నవ్వుతున్నారో! పెళ్ళిలో కూడా ఇలా నవ్వలేదు నా పక్కన. చెయ్యి ఎత్తి మరీ!" అంది అత్తగారు.

"మేనేజరు ఎత్తమన్నాడు. ఎత్తాను" అన్నాడు పేపరు వెనక నుంచి.

"ఆ చెయ్యి ఎత్తారనే కదా నేనూ అంటున్నది."

పేపరు మెల్లగా కిందికి దిగింది. ఆయన లేచి, కళ్ళజోడు పెట్టుకుని, క్యాలెండరు దగ్గరికి వెళ్ళాడు. ముక్కు తగిలేంత దగ్గరగా చూశాడు. తన కుడిచేతిని చూశాడు, స్పానరును చూశాడు, గాల్లో ఉన్న ఎడమచేతిని చూశాడు.

"స్క్రూడ్రైవరేదీ?" అన్నాడు నెమ్మదిగా.

అత్తగారు కుట్టుమిషను సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసుకొచ్చి చేతిలో పెట్టింది. "ఆదివారం పూట ఏం విప్పుతారు? గోడా?"

"ఇది కాదే! అందులో! ఫోటోలో!"

కోడలు కడుగుతున్న గిన్నె అలాగే వదిలేసి వచ్చింది. కొడుకు కూడా లేచాడు. నలుగురూ క్యాలెండరు ముందు గుమిగూడారు. ఆయన వేలు పెట్టి చూపించాడు. వాల్వు సందు పెట్టేది నడిమి స్క్రూతో. పెట్టాక దాని మీది లాక్‌నట్టును కుడిచేత్తో స్పానరు పెట్టి బిగించాలి. బిగిస్తున్నంతసేపూ ఎడమచేత్తో స్క్రూడ్రైవరు పెట్టి ఆ స్క్రూను కదలకుండా పట్టుకోవాలి. పట్టుకోకపోతే నట్టుతోపాటు స్క్రూ కూడా తిరుగుతుంది, సందు బిగిసిపోతుంది. షెడ్డులో చేరిన ప్రతి కొత్త ఫిట్టరుకూ ఆయన మొదట నేర్పే పాఠం అదే. ఎడమచెయ్యి వదిలావో, పని చెడగొట్టావన్నమాటే అని నెత్తి మీద మొట్టి మరీ నేర్పుతాడు.

"ఫోటో తీసింది చివరి నట్టు దగ్గర. చెయ్యి ఊపండి మేస్త్రిగారూ అన్నాడు. ఊపాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో బిగించాక మళ్ళీ కొలిచి చూడనేలేదు. మూత పెట్టేశాను." ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. "నా తప్పును అచ్చేయించి ఇంటింటికీ పంచానురా!"

"నేను అచ్చేసింది రెండు వేలు నాన్నా" అన్నాడు కొడుకు, సాయం చేద్దామనుకుని.

అత్తగారు వాడి వీపు మీద ఒక్కటి ఇచ్చింది. కోడలికి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆయన మొహం చూసి నవ్వు ఎటో పోయింది. వెళ్ళి ఆయన చల్లారిపోయిన టీ తీసేసి, వేడిది పోసి పక్కన పెట్టింది. ఆయన గ్లాసు అందుకున్నాడు కానీ కోడలి మొహంలోకి చూడలేదు.

సోమవారం పొద్దున ఆయన స్కూటరు కోసం ఆగకుండా ముందే వెళ్ళిపోయాడు. ఆమె షెడ్డుకు వచ్చేసరికి ఇంజను గదిలో దీపం వెలుగుతోంది. దిగి చూసింది. ఎడమ ఇంజను చివరి సిలిండరు మూత తీసి ఉంది. ఆయన దాని ముందు బోల్తా వేసిన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఇంకెవరూ రాలేదు.

"సందు కొలిచే ఆకు దూరనే దూరడం లేదమ్మాయ్" అన్నాడు. షెడ్డులో ఆయన ఆమెను అలా పిలవడం అదే మొదటిసారి. చేతిలో ఉన్న పలచటి ఉక్కు ఆకును మళ్ళీ ఓసారి ఆ సందులో పెట్టి చూపించాడు. అంచు దగ్గరే ఆగిపోయింది. "ఇదిగో, చూశావుగా."

ఆమె చుట్టూ చూసింది. పైన ఇంకా ఎవరి అడుగుల చప్పుడూ లేదు. ఇది బయటపెడితేనే తన పోస్టు నిలుస్తుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అయినా నోట్లోంచి మాట వచ్చేసింది.

"మావయ్యగారూ, సరిచేసి మూత పెట్టేయండి. నేనేం రాయలేదు. రాయను కూడా. మన నలుగురికీ తప్ప ఎవరికీ తెలీదు."

ఆయన అదోలా చూశాడు. కోపంగా కాదు.

"రాయకపోతే ఎట్లా? నేనేం చేద్దామని ఇంత పొద్దున్నే వచ్చాననుకుంటున్నావు? గుట్టుచప్పుడు కాకుండా సరిచేసుకుందామనే వచ్చాను. మూత కూడా తీశాను. తీశాక చెయ్యాడలేదు. ఇంట్లో అన్నం పెట్టే మనిషి, మొహమాటం లేకుండా నీ ఇంజను బాగాలేదు అని నా మొహం మీద చెప్పింది. అట్లాంటి మనిషి పక్క ఇంజను బాగుంది అంటే నేనెందుకు నమ్మకూడదు? ఈ లోపం నువ్వు రాస్తేనే అది బాగుందన్న మాట చెల్లుతుంది. రాయి."

ఆమె పెన్ను మూత తీసి తలూపింది.

ఫిట్టర్లు వచ్చేదాకా ఆయన అలాగే కూర్చున్నాడు. వచ్చాక అందరినీ దగ్గరికి పిలిచాడు. స్క్రూ, స్పానరు, ఎడమచెయ్యి, అన్నీ వివరంగా చెప్పాడు. క్యాలెండరు సంగతి కూడా చెప్పాడు. ఒక్క క్షణం ఎవరూ నవ్వడానికి ధైర్యం చేయలేదు. పొట్టి ఫిట్టరు తన నెత్తి తడుముకుంటూ, "ఆ పాఠం నాకు నేర్పినప్పుడు మీరు మొట్టిన చోట ఇంకా బొప్పి ఉంది మేస్త్రిగారూ" అన్నాడు. దాంతో అందరూ పగలబడి నవ్వారు. ఆయన తల వంచి, "ఇప్పుడు నువ్వు మొట్టు" అన్నాడు. పొట్టి ఫిట్టరు పారిపోయాడు.

ఆయన ఎడమచేత్తో స్క్రూడ్రైవరును గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో నట్టు వదులు చేసి, సందు పెట్టి, బిగించి, మళ్ళీ కొలిచి, ఇంకోసారి కొలిచి, మూత పెట్టాడు. ఇంజను వేసి వేడెక్కనిచ్చాక ఆమె గొట్టం ఆనించింది. బుస్సు లేదు. మిగతావాటితో కలిసిపోయి టకటకమంటోంది. వాల్వు ఇంకా పాడు కాలేదు. సరైన సమయానికి దొరికింది. ఆమె కాగితం మీద లోపమూ రాసింది, సరిచేసిన సంగతీ రాసింది.

మేనేజరు వచ్చి ఆ కాగితం చదివి కళ్ళద్దాలు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. "దొరికిందా! శభాష్! ఇంకేం, ఇది చాలు." అప్పుడు గుర్తొచ్చి తలెత్తాడు. "కుడి ఇంజను సంగతేమిటి మేస్త్రిగారూ? చైను బ్లాకు తగిలించారు కదా. మొదలుపెడదామా?"

ఫిట్టర్లు పనిముట్ల వైపు ఓ అడుగు వేశారు. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి. సంతకం పెట్టే ముందు నేనూ వింటాను."

ఏడాదిలో ఒక్కసారి కూడా ఆయన ఆ హెడ్‌ఫోన్లు ముట్టుకోలేదు. ఆమె వాటిని ఆయన తలకు సరిపోయేట్టు సాగదీసి తగిలించింది. కుడి ఇంజను వేశారు. పెద్ద మోత. ఆమె ఆయన చేతిని పట్టుకుని గొట్టాన్ని మొదటి సిలిండరు మీద ఆనించింది, తర్వాత రెండోదాని మీద, మూడోదాని మీద. ఆయన మొదట అనుమానంగా కనుబొమలు ముడిచాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఇంకో చేత్తో కెమెరా తెరను ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళు తెరిచి, ఈసారి చూశాడు. సిలిండరు గోడ మీద ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నటి గీతలు. అవి తను చేత్తో గీసినవే. పుస్తకం పెట్టిన గంటలన్నీ నడిచినా, నిన్న గీసినట్టున్నాయి. తను వేసిన బేరింగులే చెవిలో తిరుగుతున్నాయి. జీవితంలో ఎన్ని ఇంజన్లు బిగించాడో, ఎన్నింటిని మళ్ళీ విప్పాడో. తన పని ఇన్నాళ్ళు నడిచాక ఎలా ఉంటుందో ఇదే మొదటిసారి వినడం.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాడికి తన గొంతు తనకు వినపడదు. పైగా పక్కనే ఇంజను మోత. మావయ్యగారు కోడలి చెవి దగ్గరికి వంగి, రహస్యం చెబుతున్నానని అనుకుంటూ, ఒడ్డున లాంచీ ఎక్కడానికి ఎదురుచూస్తున్న జనానికి కూడా వినపడేంత పెద్దగా అరిచాడు.

"అమ్మాయ్! ఏడాదిగా నువ్వు తెరవొద్దు తెరవొద్దంటుంటే నా పనిని కాదంటున్నావనుకున్నానే! నువ్వు రాసిందంతా నా పని ఇంకా బాగుందనేనటే?"

మెట్ల మీద ఫిట్టర్లు, మెట్ల పైన మేనేజరు, డెక్కు అంచున నర్సులు, అందరూ ఇటే చూస్తున్నారు. ఆమె కళ్ళు తుడుచుకుని, పెద్దగా, ఆయనకు కనిపించేట్టు తలూపింది.

"నీ మొహం మండా, ఆ ముక్క ముందే చెప్పకూడదూ!" అని అరిచి, ఆయన ఆమె చేతిలోంచి కాగితం లాక్కుని, ఇంజను మీదే పెట్టి, తెరవనక్కర్లేదు అన్న మాట కింద సంతకం పెట్టాడు. పెట్టి కాగితం మేనేజరుకు అందించి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. డ్రైవరు పైనుంచి, ట్రిప్పుకి ఆలస్యమవుతోంది, దిగండి మేస్త్రిగారూ అని కేక మీద కేక వేస్తున్నాడు. ఆయనకు ఏమీ వినపడలేదు. ఇక చేసేదేమీ లేక డ్రైవరు తాళ్ళు విప్పించి, రెండు ఇంజన్లనూ పూర్తి వేగంతో వేసి, ఆయనతో సహా లాంచీని నదిలోకి పోనిచ్చాడు.